చుక్కల ప్రెస్సు పెద్దక్క

బస్సు డిపో వెనక వీధిలో, టైర్లకు గాలి కొట్టే షెడ్డు పక్కన, రెండంతస్తుల పాత భవనం ఒకటి ఉండేది. కింద ఎవరిదో గోడౌను, పైన బ్రెయిలీ ప్రెస్సు. చూపులేని పిల్లలు వేళ్ళతో తడిమి చదువుకునే పాఠ్యపుస్తకాలు అక్కడే తయారయ్యేవి. సిరా వాసన ఎరగని అచ్చాఫీసు అది. కాగితం మీద నల్లని అక్షరం ఒక్కటీ కనపడదు, గరుకుగా పైకి తేలిన చుక్కలు తప్ప. అందుకే ఆ వీధివాళ్ళకు అది చుక్కల ప్రెస్సు. దాన్ని ఆఖరి మూడేళ్ళూ నడిపినావిడ అందరికీ పెద్దక్క.

పెద్దక్క ఏమీ పెద్ద హోదాలో రాలేదు అక్కడికి. ఇరవై రెండేళ్ళ వయసులో చదివే ఉద్యోగానికి వచ్చింది. చదివే ఉద్యోగం అంటే నిజంగా చదవడమే. చుక్కలు వేసిన మొదటి కాగితాన్ని చూపులేని మనిషి ఒకరు వేళ్ళతో చదువుతూ ఉంటే, ఎదురుగా కూర్చుని అసలు పుస్తకాన్ని పైకి చదవాలి. కామా వస్తే కామా అనాలి. ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి. కొత్త పేరా అయితే కొత్త పేరా అనాలి. నోటికీ వేలికీ తేడా వచ్చిందా, ఆగాలి. ఒక్క చుక్క ఎక్కువైనా తక్కువైనా అక్షరమే మారిపోతుంది మరి. రోజుకు ఆరు గంటలు ఇలా చదివీ చదివీ ఆమెకు అది ఇంట్లో కూడా అంటుకుంది. "చెప్పిన మాట వినరు కదా, ఫుల్‌స్టాప్" అని భర్త మీద విసుక్కునేది. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేవాడు, ఊరికే ఉండే రకం కాదు. "కొత్త పేరా ఎప్పుడు మొదలుపెడతావో చెబితే అన్నం తినేసి వస్తా" అనేవాడు.

ఆమె ఎదురుగా కూర్చునే మనిషిని మాస్టారు అనేవాళ్ళు. నాలుగేళ్ళప్పుడు జ్వరంలో చూపు పోయిందట. ఆమెకంటే రెండేళ్ళు చిన్న. కాస్త ఎత్తుపళ్ళు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, గోళ్ళు మాత్రం చిగురుదాకా కత్తిరించుకునేవాడు, చుక్కకు గోరు అడ్డం రాకూడదని. ఒకే బల్లకు అటూ ఇటూ ఇద్దరూ ఇరవై మూడేళ్ళు కూర్చున్నారు. ఆ ఇరవై మూడేళ్ళలో ఆమె చదువు మీద మాస్టారు తప్పుపట్టిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కొత్తగా చేరినవాళ్ళతో, "అక్కయ్య నోట్లోంచి వచ్చిందంటే అది పుస్తకంలో ఉన్నట్టే. అనుమానం ఉంటే మీ వేలినే అనుమానించుకోండి" అనేవాడు.

పాత మేనేజరు గుండె ఆపరేషను చేయించుకుని మానేసినప్పుడు, ప్రెస్సును పోషించే సంస్థ పెద్దాఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది, తాత్కాలికంగా బాధ్యతలు పెద్దక్క చూడాలని. ఆ సంస్థలో తాత్కాలికం అన్న మాటకు ఆయుష్షు ఎక్కువ. గేటు దగ్గరి వాచ్‌మన్ పదకొండేళ్ళుగా తాత్కాలికమే. ఆమెకు గది, గదిలో ఫోను, తిరిగే కుర్చీ వచ్చాయి. తిరిగే కుర్చీలో కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయని మొదటివారమే దాన్ని మూలకు తోసేసి, చదివే బల్ల దగ్గరి కర్ర కుర్చీని తెచ్చి వేసుకుంది. ఆమె కింద పద్నాలుగు మంది. వాళ్ళలో ఆరుగురికి చూపు లేదు.

మొదటి ఏడాదిన్నర బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు ఎవరో మనిషి టేపు పట్టుకుని వచ్చి, గదుల పొడవూ వెడల్పూ కొలిచి, కిటికీలు లెక్కపెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

జింకు రేకుల మీద చుక్కలు కొట్టే యంత్రం దగ్గర పనిచేసే ముసలాయన్ని రేకుల తాత అనేవాళ్ళు. టేపు చప్పుడు మొదట పసిగట్టింది ఆయనే. "ఇల్లు కొలిచేది రెండుసార్లేనమ్మా. కొనేముందు ఒకసారి, కూల్చేముందు ఒకసారి. ఇది కొనే మొహంలా లేదు" అన్నాడు.

పెద్దక్క పెద్దాఫీసుకు ఫోన్ చేసింది. పరిశీలనలో ఉంది అన్నారు. ఏది పరిశీలనలో ఉందని అడిగితే, అదే పరిశీలనలో ఉంది అన్నారు. పాత బోర్డు పోయి కొత్త బోర్డు వచ్చిందనీ, కొత్తవాళ్ళకు కంప్యూటర్లే పుస్తకాలు చదివి వినిపిస్తుంటే ఈ లావుపాటి కాగితాల కట్టలెందుకన్న ఆలోచన ఉందనీ ఆ నోటా ఈ నోటా తెలిసింది.

సోమవారం పొద్దున్నే అందర్నీ బైండింగ్ గదిలో కూర్చోబెట్టింది. దాచడం ఆమెకు అలవాటు లేదు. "ఇదీ సంగతి. మూసేస్తారో, ఉంచుతారో, వేరేచోటికి మారుస్తారో నాకు తెలియదు. తెలిసిన రోజున మీకు చెబుతా" అంది.

అంత నిజం చెప్పినందుకు ఆ వారం ప్రెస్సు కుదేలైపోయింది. ఇద్దరు జ్వరమని రాలేదు. పుస్తకాలు కుట్టే ఆవిడ, అందరూ బైండింగ్ వదిన అని పిలిచే మనిషి, ఒక సంపుటంలో మధ్య పేజీలు తలకిందులుగా కుట్టేసింది. మాస్టారంతటివాడు ఒకే పేజీ మూడుసార్లు తడిమాడు. టీ వేళకు మెట్ల మీద గుసగుసలు, ఆమె కనపడగానే మౌనం. ఇంటి పెద్దకే దారి తెలియకపోతే ఇంటిల్లిపాదీ గుమ్మంలోనే నిలబడిపోతారన్న సంగతి పెద్దక్కకు మొదటిసారి అర్థమైంది.

ఆ మరుసటి సోమవారం మళ్ళీ అందరి ముందూ ఏం చెప్పాలో తోచక నిలబడి ఉంటే, వదిన అడిగింది. "అక్కా, ఒక్క మాట చెప్పు. మన ప్రెస్సు ఉంటుందా ఉండదా?"

"ఎందుకుండదే? నేను లేనూ?" అంది పెద్దక్క.

అనాలని అనలేదు. నోటికొచ్చింది, అనేసింది. కానీ ఆ నాలుగు ముక్కలకు ఆ గదిలో ముఖాలు విప్పారిన తీరు చూసి ఆమే ఆశ్చర్యపోయింది. వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. రేకుల తాత యంత్రానికి నూనె పెట్టడానికి లేచాడు. ఆ వారం పని పరుగులు తీసింది. ఆమె మాట ఆ ప్రెస్సుకు కరెంటులాంటిదని తెలిసిపోయాక, ప్రతి సోమవారమూ ఆ మీట నొక్కుతూ వచ్చింది.

భర్తకు మాత్రం ఈ ధోరణి నచ్చలేదు. కూరగాయలు తరుగుతూ ఒకరోజు అన్నాడు. "మా స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి తెలుసుగా. నేర్చుకునేవాడు స్టీరింగు పట్టుకుని బండి తానే నడుపుతున్నాననుకుంటాడు. బ్రేకు నా కాలి కింద ఉంటుంది. నీ సంగతీ అంతే. స్టీరింగు నీ చేతికిచ్చారు, బ్రేకు వాళ్ళ దగ్గరే ఉంది. వెనక సీట్లోవాళ్ళకు నువ్వెలా హామీ ఇస్తావు?"

"హామీ ఇవ్వకపోతే నడుస్తున్న బండిలోంచి దూకేస్తారు" అంది ఆమె.

"దూకితే ఒకడి కాలే విరుగుతుంది" అన్నాడాయన.

వర్షాలు మొదలయ్యే రోజుల్లో పెద్దాఫీసు కార్యదర్శి ఆమెను రమ్మని కబురంపాడు. మర్యాదస్తుడు. కుర్చీ తనే లాగి వేశాడు, టీ తెప్పించాడు, తలుపు దగ్గరగా వేశాడు. తలుపు వేయడం చూసి ఆమె టీ కప్పు పక్కన పెట్టేసింది.

"మీరు సొంత మనిషి కాబట్టి చెబుతున్నానమ్మా. మూసేయాలనే అనుకుంటున్నారు. ఫిబ్రవరి ఆఖరు."

"ఖాయమేనా?"

"తొంభై పాళ్ళు. కానీ ఈ మాట గది దాటకూడదు. ముందే తెలిస్తే తలో దిక్కూ పోతారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా సైన్సు పుస్తకాలు సగంలో ఉన్నాయి. అవి ఆగిపోతే ఎంతమంది పిల్లలు చేతులు ముడుచుకుని కూర్చోవాలో మీకు తెలుసు."

ఆమెకు తెలుసు. మామూలు సైన్సు పుస్తకం ఒకటి చుక్కల్లోకి మారితే ఆరు లావుపాటి సంపుటాలవుతుంది. అవి లేకపోతే ఆ పిల్లలకు ఆ ఏడాది సైన్సు లేదు.

"గడువుకు ముందే ఇచ్చేస్తే? తప్పుల్లేకుండా, బ్రహ్మాండంగా చేసిస్తే బోర్డువాళ్ళ మనసు మారదా?"

కార్యదర్శి టీ కప్పులోకి చూశాడు. "చూద్దాం. ఏదీ చెప్పలేం కదమ్మా" అన్నాడు.

మునిగేవాడి చేతికి గడ్డిపోచ ఎలాగో ఆమెకు ఆ 'చెప్పలేం' అలాగైంది. మెట్లు దిగేసరికే లెక్క వేసేసుకుంది. తొంభై పాళ్ళు పోతే పది పాళ్ళు మిగిలాయి. ఈ పది పాళ్ళూ నిలబడాలంటే పని ఆగకూడదు. పని ఆగకుండా ఉండాలంటే ఎవరూ వెళ్ళకూడదు. ఎవరూ వెళ్ళకుండా ఉండాలంటే ఎవరికీ తెలియకూడదు. దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి చక్కగా కూర్చుకున్న తర్కం. ఎక్కడా ముడి కనపడలేదామెకు.

సెప్టెంబరులో మాస్టారు ఒక కవరు పట్టుకుని ఆమె గదిలోకి వచ్చాడు. గడప దగ్గర ఆగి, అలవాటుగా తలుపు చెక్కమీద వేళ్ళతో రెండుసార్లు కొట్టాడు.

"అక్కయ్యా, ఇది ఇంటికొచ్చింది. మా ఆవిడ టైలరింగ్ షాపుకి వెళ్ళిపోయాక పోస్టుమన్ ఇచ్చాడు. సాయంత్రందాకా ఆగలేక తెచ్చేశా. చదవండి."

ఆమె కవరు చింపింది. ఏడాదిన్నర కిందట ఆయన ఒక పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. ఆ దరఖాస్తు నింపింది కూడా పెద్దక్కే. ఇద్దరూ ఎప్పుడో మరిచిపోయారు. ఇప్పుడు పిలుపొచ్చింది.

పైకి చదవడం మొదలుపెట్టింది. మీరు ఎంపికైనారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము, ఫుల్‌స్టాప్. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజులలోగా చేరవలెను, ఫుల్‌స్టాప్. పర్మనెంటు పోస్టు, పని వేళలు, తీసుకురావలసిన కాగితాలు అన్నీ చదివింది. చివర ఇంకొక వాక్యం ఉంది. మీ వయసు నిర్ణీత పరిమితికి చేరువైనందున ఇదియే తుది అవకాశము, ఇకపై మీ దరఖాస్తు స్వీకరింపబడదు.

ఆమె కళ్ళు ఆ వాక్యం మీద నిలిచాయి. పక్క గదిలో రేకుల యంత్రం టకటకమంటోంది. తొమ్మిదో తరగతి పుస్తకం ప్రూఫులు ఇంకా మొదలవలేదు, పదోది అసలు రేకుల మీదికే ఎక్కలేదు. మాస్టారు లేకపోతే అంత వేగంగా, అంత నమ్మకంగా చూసేవాళ్ళు ఇంకొకరు లేరు. మాస్టారు వెళ్ళాడని తెలిస్తే చూపులేని మిగతా ఐదుగురూ మెట్ల దారి వెతుక్కుంటారు.

"ఇట్లు, కామా, పరిపాలనాధికారి" అని చదివి, కాగితం మడిచి కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"అంతేనా?" అన్నాడు మాస్టారు.

"అంతే."

ఆయన కాసేపు కవరు అంచును వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "వెళ్ళమంటారా అక్కయ్యా? మీకు తెలిసినంత నాకు తెలియదు. పైవాళ్ళతో మాట్లాడేది మీరు. ప్రెస్సు ఉండేట్టయితే నాకీ బల్లే చాలు. ఎవరి ఫోనో ఎవరికో కలుపుతూ కూర్చునే పని నాకెందుకు?"

"ఉండండి మాస్టారూ. మీరు లేకపోతే ఎలా? నేను చెబుతున్నాగా" అంది పెద్దక్క.

మర్నాడు పొద్దున్నే మాస్టారు వచ్చి, చేరడం లేదని ఆసుపత్రికి ఉత్తరం రాసిపెట్టమన్నాడు. నవ్వుతూనే అడిగాడు. ఆమె రాసింది. ఆయన వేలు పట్టుకుని సంతకం చేసే చోట పెట్టింది. వంకరటింకరగా, గీత దాటుతూ ఆయన సంతకం చేస్తుంటే ఆమె కిటికీలోంచి డిపోలో బస్సులు వెనక్కి తిరగడం చూసింది. ఆ సాయంత్రమే ఉత్తరం పోస్టులో పడింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆ ప్రెస్సు చరిత్రలో ఎన్నడూ జరగనంత పని జరిగింది. పెద్దక్క మళ్ళీ చదివే బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆదివారాలు కూడా వచ్చారు. వర్షాకాలం తేమకు చుక్కలు మెత్తబడతాయని కాగితం కట్టలను దీపాల కింద ఆరబెట్టారు. తయారైన సంపుటాలను ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే బరువుకు చుక్కలు అణిగిపోతాయి గనక, నిలబెట్టడానికి చోటు చాలక ఆమె గదిలో, మెట్ల మలుపులో, ఆఖరికి వాచ్‌మన్ మంచం పక్కన కూడా నిలబెట్టారు. జనవరి మూడోవారంలో, గడువుకు నెలరోజులు ముందు, చివరి పెట్టె లారీ ఎక్కింది. వదిన బిస్కెట్లు తెచ్చి పంచింది. రేకుల తాత ఎన్నడూ లేనిది పాట పాడాడు. గొంతు ఘోరంగా ఉన్నా అందరూ చప్పట్లు కొట్టారు.

పెద్దక్క కార్యదర్శికి ఫోన్ చేసి పుస్తకాలు వెళ్ళాయని చెప్పింది. "అద్భుతమమ్మా. బోర్డుకు చెబుతా" అన్నాడు. పది రోజులు ఫోను మోగిన ప్రతిసారీ ఆమె రెండో గంటకు ముందే ఎత్తింది.

పదకొండో రోజున ఫోను రాలేదు, కాగితం వచ్చింది. ఫిబ్రవరి ఆఖరు తేదీ నుంచి ప్రెస్సు మూత. పుస్తకాలు ముందే అందినందున మూసివేతకు అడ్డంకులు తొలగినట్లు బోర్డు సంతోషం వ్యక్తం చేసిందని కూడా అందులో ఉంది. ఆ మాటను ఆమె రెండుసార్లు చదివింది. అడ్డంకి తీసింది తనేనన్నమాట. ఆగకుండా, ఆదివారాలు కూడా రప్పించి.

రెండో పేజీలో ఆమె పేరు మీద విడిగా నాలుగు లైన్లున్నాయి. నాయకత్వ పటిమను గుర్తించి పెద్దాఫీసు రికార్డుల విభాగంలో ఆమెకు ఉద్యోగం ఇస్తున్నారు. మిగిలిన పద్నాలుగు మంది గురించి, నిబంధనల ప్రకారం అని ఒక్క మాట.

బైండింగ్ గదిలో ఆ కాగితం పైకి చదివింది. మొదటి పేజీ మాత్రమే చదివింది. వదిన లేచి నిలబడింది.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"నాకూ ఇవాళే తెలిసిందే."

"ఒట్టు?"

"ఒట్టు."

వదిన అలాగే చూస్తూ నిలబడింది. "ఆర్నెల్ల కిందట సంచులు కుట్టే ఫ్యాక్టరీలో రమ్మన్నారు. నువ్వున్నావు కదా అని వెళ్ళలేదు" అని తన సూదులూ దారాలూ ఏరుకోవడం మొదలుపెట్టింది. రేకుల తాత మాత్రం, "పోనీలెండమ్మా, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఆవిడా మనలాంటిదేగా" అని అందరికీ సర్దిచెప్పాడు. ఆ మాట వింటుంటే ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. మాస్టారు గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

రెండో పేజీ సంగతి దాగలేదు. పెద్దాఫీసు ప్యూను వచ్చి మెట్ల మీదే ఆమెకు శుభాకాంక్షలు చెప్పాడు. ఆ మధ్యాహ్నం నుంచి ఆ ప్రెస్సులో పెద్దక్కకు టీ గ్లాసు ఎవరూ తెచ్చివ్వలేదు.

ఆమె కార్యదర్శి దగ్గరికి పరుగెత్తింది. "నాకిచ్చిన పోస్టు మాస్టారికివ్వండి. నేను మానేస్తాను" అంది.

"అక్కడ ఫైళ్ళు చూడాలమ్మా. ఆయనెలా చూస్తాడు?"

"పోనీ వేరే ఏదైనా..."

"మీ మనసు పెద్దది. అందుకే మిమ్మల్ని తీసుకున్నాం" అన్నాడాయన. ఆ పొగడ్తతో తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళింది. విచారణ బల్ల వెనక గాజు గదిలో టెలిఫోన్ ఆపరేటర్ కూర్చుని ఉంది. పాతికేళ్ళ అమ్మాయి, నల్లకళ్ళద్దాలు, చూపులేని పిల్లే. వేళ్ళు బటన్ల మీద పరుగెడుతున్నాయి. "చెప్పండి, ఎవరికి కలపమంటారు?" అని ఎవరితోనో ఎంతో ఓపికగా అంటోంది. పెద్దక్క అక్కడ పది నిమిషాలు నిలబడింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ పిల్ల చదువుకున్న పుస్తకాలు కూడా బహుశా తమ ప్రెస్సువే అయ్యుంటాయి. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండునని కోరుకోవడానికి కూడా ఆమెకు నోరు రాలేదు. వెనక్కి వచ్చేసింది.

ఫిబ్రవరి ఆఖరివారంలో యంత్రాలు విప్పేశారు. ఇన్నేళ్ళ జింకు రేకులను తాళ్ళతో కట్టి మెట్ల మీంచి జార్చారు. ఒక్కో కట్టా దిగేటప్పుడు డిపోలోని డ్రైవర్లు కూడా తిరిగి చూసేంత చప్పుడు. అందరూ వెళ్ళిపోయాక, చదివే బల్ల ఒక్కటే మిగిలిన గదిలో మాస్టారు తన కుర్చీలో కూర్చుని భార్య కోసం ఎదురుచూస్తున్నాడు. పెద్దక్క వెళ్ళి ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"మాస్టారూ, మీకొకటి చెప్పాలి. ఆ రోజు ఆసుపత్రి ఉత్తరంలో ఒక వాక్యం..."

"తెలుసండి" అన్నాడు మాస్టారు.

ఆమెకు అర్థం కాలేదు.

"ఆ సాయంత్రమే మా ఆవిడ చేత ఇంకోసారి చదివించుకున్నా. సంతోషంకొద్దీ. మంచి మాట కదా, రెండోసారి విందామని. చివర ఇంకో వాక్యం వచ్చింది. మా ఆవిడ వెంటనే అంది, ఆవిడ దాచింది, నువ్వు వెళ్ళిపో అని. ఇంట్లో పెద్ద గొడవే అయింది."

"మరి ఎందుకు వెళ్ళలేదు మాస్టారూ?" అంది పెద్దక్క.

ఆయన బల్ల అంచును అటూ ఇటూ తడిమాడు. "ఇరవై ఏళ్ళకు పైగా విన్నా మిమ్మల్ని. ఒక్క కామా మింగలేదు మీరు. అలాంటి మనిషి ఒక వాక్యం మొత్తం వదిలేసిందంటే ఊరికే వదలదు అనుకున్నా. ప్రెస్సు ఉంటుందని మీకు గట్టిగా తెలిసే ఉంటుంది, పైవాళ్ళు చెప్పొద్దన్నారు కాబట్టి నోరు తెరవలేక ఇలా ఆపుతున్నారు అనుకున్నా. మా ఆవిడతో అదే వాదించా. మీరు ఆ వాక్యం చదివేసి ఉంటే భయపడి వెళ్ళిపోయేవాణ్ణేమో. చదవలేదు కాబట్టే ఉండిపోయా."

ఆమె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు, తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది. కాసేపటికి మెట్ల మీద భార్య చెప్పుల చప్పుడు వినిపించి లేచాడు.

"వస్తానండీ మేడమ్" అన్నాడు.

అంతవరకూ ఆమె ఆయనకు అక్కయ్యే.

మార్చి నుంచి పెద్దక్క రికార్డుల విభాగంలో చేరింది. వద్దని మానేద్దామనుకుంది. భర్తకు మోకాళ్ళు పట్టేసి డ్రైవింగ్ స్కూలు మానేసిన రోజులవి. "నువ్వు మానేస్తే వాళ్ళకు ఉద్యోగాలొస్తాయా?" అని అడిగాడు. రావు. ఆ మాట నిజమే గనక చేరింది, ఆ నిజం ఆమెకు ఏ ఊరటా ఇవ్వలేదు. కిటికీ లేని గదిలో ఫైళ్ళకు నంబర్లు వేసే పని. అక్కడివాళ్ళకు ఆమె గతం తెలియదు. తన బదిలీ గురించో, ఉద్యోగం గురించో ఎవరైనా భయపడుతూ వచ్చి, ఏమీ కాదంటారా అని అడిగితే తల దించుకుని ఫైలు తిప్పేది. ఆవిడ రాతిగుండె మనిషని పేరొచ్చింది.

వదిన సంచుల ఫ్యాక్టరీకి మళ్ళీ వెళ్ళింది, చోటు లేదన్నారు. రేకుల తాత ఆ ఏడాదే పోయాడు. కబురు ఆమెకు నెలరోజుల తర్వాత తెలిసింది. మాస్టారి ఇంటికి ఆమె మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఆయన పడుకున్నాడని భార్య గుమ్మంలోనే చెప్పింది. రెండోసారి కూర్చోబెట్టింది. ఆయన మర్యాదగా, పొడిగా మాట్లాడాడు. "ఆదివారాలు వచ్చి పేపరు చదివి వినిపించనా?" అని అడిగింది ఆమె. "ఎందుకండీ శ్రమ, మా ఆవిడ చదువుతుంది" అన్నాడు. మూడోసారి వెళ్ళేసరికి తాళం. భార్య అన్నగారి ఊరికి వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పి, కాగితం ముక్క మీద అడ్రసు రాసిచ్చారు.

ఆ ఊరికి ఉత్తరం రాయాలనుకుంది. మామూలు ఉత్తరం రాస్తే ఇంకెవరో చదివి వినిపించాలి. అందుకని చుక్కల్లోనే రాసింది. ఇన్నేళ్ళు చూసీ చూసీ ఆ లిపి ఆమె కళ్ళకు వచ్చుగానీ, చేతికి రాదు. బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, మొనదేలిన పుల్లతో ఒక్కో చుక్కా గుచ్చుతూ, తప్పు పోతే చింపేస్తూ, నాలుగు ఆదివారాల మధ్యాహ్నాలు కూర్చుంది. కార్యదర్శి తలుపు వేసిన రోజు నుంచి జరిగిందంతా రాసింది. క్షమించమని రాయలేదు. రాయడానికి ఆమెకు మొహం చెల్లలేదు. భర్త పక్కన కూర్చుని, చుక్కలు అణగకుండా రెండు అట్టల మధ్య పెట్టి కవరు అంటించి పెట్టాడు. ఆయన ఆ రోజు జోకులేమీ వేయలేదు.

ఉత్తరం చేరినట్టు తెలిసింది. వదిన ఒకసారి బస్టాపులో కనపడి, ముఖం తిప్పుకోబోయి, మనసొప్పక, మాస్టారి చెల్లెలి ద్వారా విన్నానంటూ చెప్పింది. కవరు అందిందట. ఆయన తెరిచి వేళ్ళు పెట్టి, రాసింది ఎవరో తెలియగానే, మొదటి లైను కూడా పూర్తవకుండానే మడిచి పెట్టెలో పెట్టేశాడట.

"చదవలేదా?" అని అడిగింది పెద్దక్క.

"చదవలేదట" అని, తన బస్సు రావడంతో వదిన ఎక్కి వెళ్ళిపోయింది.